ఆటు, పోటు, రాత్రి రైలు: రెండు రోజుల భీమిలి ట్రిప్ ప్లాన్ చేసేదెలా?

బీచ్ ట్రిప్ ప్లానింగ్ అంటే మన హాస్టళ్ళలో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. ముందు వాట్సాప్ గ్రూప్ పెడతాం. దానికి పేరు పెట్టడానికి ఒక సాయంత్రం పోతుంది. తర్వాత తలా నాలుగు రీల్స్ షేర్ చేస్తారు. లెక్కేస్తే రెండు రోజులకి పద్నాలుగు ప్లేసులు తేలతాయి, వాటిలో అరకు కూడా ఉంటుంది. "అన్నీ కవర్ చేద్దాం మామా" అని ఒకడు అంటాడు. ఆ మాటతో ప్లానింగ్ అయిపోయినట్టే.

అలాంటి గ్రూపుల కోసమే ఈ వ్యాసం. విశాఖ నుంచి భీమిలి వరకు ఉన్న దాదాపు 25 కిలోమీటర్ల తీరాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. మేం ఏడుగురం జనవరి చివర్లో ఒక శని, ఆదివారాల్లో అక్కడికి వెళ్ళొచ్చాం. తలకి రెండు వేల ఐదొందలు దాటకూడదని ముందే రూల్ పెట్టుకున్నాం. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: ప్లేసుల లిస్టు తర్వాత, ముందు టైముల లిస్టు రాసుకోవాలి. సముద్రానికి దాని టైంటేబుల్ దానికుంది. మా ఏడుగురిలో ఈత వచ్చినవాళ్ళు ఇద్దరే కాబట్టి ఆ టైంటేబుల్ మాకు సరదా విషయం కాదు. ఏటా పేపర్లో బీచ్‌కి వెళ్ళి తిరిగిరాని స్టూడెంట్ల వార్త చదువుతూనే ఉన్నాం కదా. మా ఇంట్లో పర్మిషన్ అడిగినప్పుడు అమ్మ మొదట అడిగింది కూడా హోటల్ గురించి కాదు, "నీళ్ళలోకి ఎక్కడ దిగుతారు?" అనే. దానికి జవాబు ఉండేలా ప్లాన్ వేయాల్సి వచ్చింది.

మన బ్రాంచ్ వాళ్ళకి ఈ ప్రాబ్లం చూడగానే ట్రావెలింగ్ సేల్స్‌మన్ గుర్తొస్తుంది. నిజానికి ఇక్కడ అంత సీన్ లేదు. రుషికొండ, మంగమారిపేట, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి అన్నీ దాదాపు ఒకే బీచ్ రోడ్డు వెంట పూసల్లా ఉంటాయి. గీత మీద ఉన్న చుక్కలకి షార్టెస్ట్ రూట్ ఏంటి? ఈ చివర మొదలెట్టి ఆ చివరికి పోవడమే. కానీ ఒక్కో చుక్కకి "ఈ టైం తర్వాతే, ఆ టైం లోపే" అని కండిషన్ పెట్టామంటే, గీత మీద ఉన్నా సరే ప్రాబ్లం మళ్ళీ ఎన్‌పీ-కంప్లీట్ అయిపోతుందని నిరూపించారు. భయపడకండి, ఆరు ప్లేసులకి ఉండేది 720 వరసలే. అందులో ఏడు వందలు చూడగానే కొట్టేయొచ్చు. అసలు పని ఆ కండిషన్లు ఏంటో తెలుసుకోవడం.

మొదటి కండిషన్ ఆటుపోట్లు. సిగ్గులేకుండా చెప్తాను, ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఈ మాట "జీవితంలో ఆటుపోట్లు" అనే డైలాగ్‌లోనే తెలుసు. పోటు అంటే సముద్రం పొంగి ఒడ్డు మీదికి రావడం, ఆటు అంటే వెనక్కి తగ్గడం అని, ఆ సామెతలాంటి మాట అసలు అక్కడి నుంచే వచ్చిందని ఈ ప్లాన్ వేసేటప్పుడే అర్థమైంది. లెక్క చాలా సింపుల్. మన తూర్పు తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు ఉదయం తొమ్మిదికి ఆటు ఉంటే రేపు ఉదయం ఆటు తొమ్మిది యాభైకి. రోజుకి 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, చంద్రుడు ఉదయించే టైం జరిగినట్టే.

దీంతో తమాషా ఏంటంటే, గోడ మీద తెలుగు క్యాలెండర్ సగం టైడ్ చార్ట్ పని చేస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యచంద్రులు ఒకే గీత మీద ఉంటారు కాబట్టి రెండు లాగుళ్ళూ కలుస్తాయి, పోటు ఎక్కువ ఎక్కుతుంది, ఆటు ఎక్కువ దిగుతుంది. విశాఖ దగ్గర ఆ రోజుల్లో తేడా సుమారు మీటరున్నర ఉంటుంది. అష్టమి దగ్గర అందులో సగం కూడా ఉండదు. ఇంకో చిట్కా: ఒక పౌర్ణమి రోజు మీరు వెళ్ళే తీరంలో పోటు ఎన్నింటికి వచ్చిందో తెలిస్తే, తర్వాత వచ్చే అమావాస్యకి కూడా ఇంచుమించు అదే టైం. మధ్యలో వచ్చే అష్టమికి అదే టైంలో ఆటు ఉంటుంది, ఎందుకంటే వారం రోజుల యాభై నిమిషాలు కలిపితే ఆరు గంటలు. ఇది రఫ్ లెక్క. వెళ్ళే ముందు రోజు మాత్రం సరైన టైడ్ టేబుల్ చూడాల్సిందే. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు మీద ముందస్తు అంచనాలు, హెచ్చరికలు ఇస్తుంది. అది కూడా చూడాలి. ఎండగా ఉన్నంత మాత్రాన సముద్రం నెమ్మదిగా ఉన్నట్టు కాదు. ఎక్కడో దూరాన రేగిన గాలివాన అలలు రెండు మూడు రోజులు ప్రయాణించి కూడా మన ఒడ్డుకి వస్తాయి.

రెండో కండిషన్ సూర్యుడు. మనది తూర్పు తీరం. గోవా రీల్స్ చూసి "బీచ్‌లో సన్‌సెట్" అని రాసుకున్న ఫ్రెండ్‌కి ఈ చిన్న భూగోళం గుర్తుచేయాలి: ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. కాబట్టి తెల్లవారుజాము సముద్రానికి, సాయంత్రం ఎర్ర మట్టికి. జనవరిలో ఆరున్నర ప్రాంతంలో తెల్లారుతుంది. జూన్‌లో ఐదున్నర కంటే ముందే, అది మన హాస్టల్ జనాభాకి అయ్యే పని కాదు.

మూడోది నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని. సెమిస్టర్ సెలవుల్లో సరిగ్గా అప్పుడే వెళ్ళి "ఫ్రెష్ ఫిష్ ఎక్కడ?" అని అడిగితే దొరికేది తక్కువ, ధర ఎక్కువ. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. అవన్నీ తీసేస్తే మనకి మిగిలే మంచి కాలం డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు.

ఇక మా ప్లాన్. శనివారం ఆటు ఉదయం తొమ్మిదికి, పోటు మధ్యాహ్నం మూడు దాటాక. ఇదంతా ఆ రెండు నంబర్ల చుట్టూ కట్టిందే.

రాత్రి రైలు దిగి, స్టేషన్ దగ్గరే ఇడ్లీ తిని, బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళే 900కె సిటీ బస్సు ఎక్కాం. కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి, ఆ ఒక్క టికెట్‌కి సముద్రం ఫ్రీ. రుషికొండ దాటిపోయి మంగమారిపేటలో దిగాం. అక్కడ ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. పోటు టైంలో దాని కాళ్ళు నీళ్ళలోనే ఉంటాయి. ఆటుకి నీళ్ళు వెనక్కి పోతే దగ్గరగా నడిచి వెళ్ళొచ్చు. రాళ్ళ మీద నాచు ఉంటుంది కాబట్టి స్లిప్పర్లు కాదు, వెనక పట్టీ ఉన్న చెప్పులు కావాలి. ఆటు టైంకి అరగంట ముందు వెళ్ళి, టైం అవ్వగానే వెనక్కి తిరగాలి. నీళ్ళు మళ్ళీ పెరగడం మొదలయ్యాక సెల్ఫీ కోసం ఆగే చోటు కాదది.

రోడ్డుకి అటుపక్క తొట్లకొండ. ట్రిప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. 1970ల్లో నేవీ వాళ్ళు ఈ ప్రాంతంలో విమానాల్లోంచి సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువుల ఆరామం ఉండేది. స్తూపం, చైత్యగృహాలు, స్తంభాల సభాశాల, భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల, మధ్యలో రాతి బాటలు. అచ్చం రెసిడెన్షియల్ క్యాంపస్ లేఅవుట్. మెస్ ఎక్కడుంది, క్లాస్ ఎక్కడుంది అని మేం వెతుక్కుంటూ తిరిగాం. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయంటే, ఈ కొండ కింది సముద్రంలో ఎంత దూరపు వ్యాపారం నడిచిందో ఊహించుకోండి.

కానీ సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తులో, చుట్టూ ఉప్పునీళ్ళే కనిపించే కొండ మీద అంతమంది ఏం తాగి బతికారు? జవాబు కొండ పేరులోనే ఉంది. రాతిని తొలిచి వాననీటి తొట్లు చేసుకున్నారు. తొట్ల కొండ. మనూళ్ళో పశువులకి నీళ్ళు పెట్టే తొట్టి, ఆ తొట్టే. దగ్గర్లోనే ఇంకో ఆరామం ఉన్న కొండ పేరు బావికొండ, అది కూడా నీళ్ళ పేరే. భీమిలిలో పావురాలకొండ మీద కూడా ఇలాంటి రాతి తొట్లు వరసగా ఉన్నాయి. మూడు కొండలు, మూడు చోట్లా వాననీటి ప్లానింగే. అలాంటి చోటికి మేం తలకి రెండు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళాం. మీరూ మోసుకెళ్ళండి. కొండ మీద నీడ తక్కువ, పదకొండు దాటితే జనవరిలో కూడా ఎండ తెలుస్తుంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక మ్యాప్‌లో పిచ్చిపనిలా కనిపించేది చేశాం. ముందుకి భీమిలి వైపు వెళ్ళకుండా వెనక్కి రుషికొండకి వచ్చాం. ఎందుకంటే నీళ్ళలో దిగడం అనే ఒక్క పనికి మాకు రెండు కండిషన్లు ఉన్నాయి: లైఫ్‌గార్డులు ఉన్న చోటే దిగాలి, ఆటు టైంలో దిగకూడదు. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అక్కడ స్నానానికి గీతలు గీసిన చోటు, గార్డులు ఉంటారు. ఏడు కిలోమీటర్లు వెనక్కి తిరగడం ఆ రెండు కండిషన్లకి మేం కట్టిన ఫీజు.

ఆటు టైం ఎందుకు వద్దో చెప్పాలి. అలలు ఒడ్డుకి నీళ్ళని తోస్తూనే ఉంటాయి, ఆ నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి కదా. నీటి కింద ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ అన్నీ కలిసి సన్నటి కాలువలా వెనక్కి పరుగెడతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అసలు కారణం అలల ఎత్తు. ఆటుకి దిబ్బల మీద నీళ్ళు పలచబడి, వెనక్కి పోయేదంతా ఆ సందులోకే చేరుతుంది కాబట్టి అప్పుడు లాగుడు సాధారణంగా పెరుగుతుంది. బలంగా ఉన్నప్పుడు సెకనుకి రెండు మీటర్లు దాటొచ్చు. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రేసు గెలిచేవాళ్ళ స్పీడ్ కూడా ఇంచుమించు అంతే. దానికి ఎదురీదడం అనేది ఎవరికీ కుదిరే పని కాదు.

అన్నిటికంటే ప్రమాదం ఏంటంటే, అది చూడ్డానికి సేఫ్‌గా కనిపిస్తుంది. ఆ కాలువ లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ అల విరగదు, నురగ ఉండదు. రెండు పక్కలా తెల్లటి అలలు, మధ్యలో ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఉన్న నీళ్ళు. ఈత రానివాడు ఎక్కడ దిగుతాడు? సరిగ్గా అక్కడే. మర్నాడు భీమిలిలో వల బాగుచేసుకుంటున్న ఒక తాతని అలాంటి చోటు చూపించి, "తాతా, అక్కడ అలలు లేవు కదా, కాళ్ళు తడుపుకోవచ్చా?" అని మావాడు అడిగితే, ఆయన తల కూడా ఎత్తలేదు. "అల నేని కాడే బాబూ లోనికి లాగుద్ది. అల ఉన్న కాడ ఒడ్డుకి తోస్తాది" అన్నాడు. నేను మూడు పేజీల ఆర్టికల్ చదివి తెలుసుకున్నది ఆయన రెండు వాక్యాల్లో చెప్పేశాడు.

ఎవరైనా అందులో పడితే: ఒడ్డు వైపు ఈదొద్దు. అది బయటికి లాగుతుంది తప్ప కిందికి ముంచదు. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి కేకేయాలి. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక ఒడ్డుకి తిరగాలి. ఒడ్డున ఉన్న ఫ్రెండ్ హీరోలా దూకకూడదు. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్ అయినా విసరాలి, గార్డుని పిలవాలి. మా రూల్స్ రైల్లోనే ఫిక్స్ అయ్యాయి. మోకాళ్ళ దాకే, ముగ్గురు నీళ్ళలో ఉంటే ఇద్దరు ఒడ్డున నీళ్ళనే చూస్తూ ఉండాలి, ఫోన్ చూడకూడదు. ముందురోజు తాగే ప్రోగ్రాం ఉంటే మర్నాడు నీళ్ళు క్యాన్సిల్. చివరి రూల్ మీద అరగంట గొడవ జరిగింది, అయినా రూల్ నిలబడింది.

శనివారం రాత్రికి భీమిలి చేరాం. ఆదివారం ఆరుకల్లా ఒడ్డున ఉంటే పడవలు రావడం, వలలు దులపడం, అక్కడికక్కడే బేరాలు చూడొచ్చు. ఇక్కడే అడిగి పేర్లు నేర్చుకోండి. వంజరం, చందువ అనేవి మన జేబుకి పెద్దవి. కానాగంతలు, కవ్వళ్ళు, నెత్తళ్ళు మన రేంజ్. నెత్తళ్ళ వేపుడు చారన్నంలోకి ఉంటే వేరే కూర అక్కర్లేదు. చిన్న మెస్‌లో కానాగంతల పులుసు తిన్నాం. రాత్రి చేసిన పులుసు ఉందా అని అడిగితే ఆవిడ నవ్వి, "తినడం తెలిసిన పిల్లలే" అంది. చేపల పులుసు మర్నాడే రుచి అని మా అమ్మమ్మ పుణ్యమా అని నాకు తెలుసు. మాలో శాకాహారులు ఇద్దరు. వాళ్ళు మురీ మిక్చర్ మీద, తాటి తేగల మీద రాజ్యం చేశారు. తేగల గురించి తెలియనివాళ్ళకి: తాటి టెంకల్ని మట్టిలో పాతిపెడితే మొలక కిందికి దిగి దుంపలా ఊరుతుంది, దాన్ని తీసి ఉడకబెట్టడమో కాల్చడమో చేస్తారు. చలికాలం సరుకు. ముంజెలు కావాలంటే మాత్రం ఎండాకాలమే రావాలి. ఇంటికి మాడుగుల హల్వా కొనండి. గోధుమ పాలతో చేసేది, విశాఖ షాపుల్లో దొరుకుతుంది, రెండు రోజులు బ్యాగులో ఉన్నా పాడవదు.

భీమిలి ఊరు నడిచి చూసేంతే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు బట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. 1861లో మున్సిపాలిటీ అయింది, దేశంలో పాతవాటిలో ఒకటి. డచ్ సమాధుల తోటలో పిరమిడ్‌లా కట్టిన గోరీలు, రాళ్ళ మీద చెక్కిన డచ్ అక్షరాలు ఉన్నాయి. సొంతూరికి వేల మైళ్ళ దూరంలో చనిపోయిన వాళ్ళవి. అక్కడ మా గ్యాంగ్ మొదటిసారి మ్యూజిక్ ఆపేసింది. గోస్తనీ నది కూడా ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చే నది ఇదే. నది కలిసే చోట మాత్రం కాళ్ళు కూడా పెట్టొద్దు, నది ప్రవాహం, ఆటుపోట్లు కలిసి అక్కడ నీళ్ళు ఎటు లాగుతాయో చెప్పలేం. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. కాబట్టి రాత్రి బీచ్‌లో ఫోన్ టార్చ్‌లు, మంటలు వద్దు. వెలుతురుకి అవి దారి తప్పుతాయి.

మూడున్నరకి ఎర్రమట్టి దిబ్బలు. సాయంత్రానికి పెట్టింది ఆ రంగు కోసమే, వాలిన ఎండలో మట్టి నిప్పులా కనిపిస్తుంది. మంచుయుగంలో సముద్ర మట్టం ఇప్పటికంటే వంద మీటర్లకి పైగా కింద ఉండేది. అప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఇటు తోసింది, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎరుపెక్కింది, తర్వాత వానలు దాన్ని కోసి ఇన్ని లోయలు చేశాయి. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. కానీ దాన్ని తాకి చూడండి, చేతికి ఇసుక రాలుతుంది. అది రాయి కాదు, గట్టిపడ్డ ఇసుక. గోడ మీదికి ఒకడు ఎక్కి దిగితే, వేల ఏళ్ళుగా నిలబడ్డ అంచు జారిపోతుంది. పేర్లు చెక్కడం గురించి చెప్పక్కర్లేదు. లోయ అడుగున నడవండి చాలు, అక్కడి నుంచే ఫోటో బాగా వస్తుంది.

ఈ ప్లాన్‌లో లేనివి: కైలాసగిరి, ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్. 1969 నుంచి 2001 వరకు నేవీలో పనిచేసిన జలాంతర్గామి అది, చూడాల్సిందే, కానీ దానికి విశాఖ కోసమే ఇంకో ట్రిప్ వేయండి. అరకు ఎలాగూ లేదు.

ఏడున్నరకల్లా విశాఖ స్టేషన్‌లో ఉన్నాం. లెక్క చూస్తే తలకి రెండు వేల రెండొందలు. మిగిలిన మూడొందలు హల్వాకి పోయాయి. టైడ్ టేబుల్, బస్సు టైములు, మా నీళ్ళ రూల్స్ ఒకే షీట్‌లో పెట్టాను. ఫిబ్రవరిలో వెళ్ళాలనుకునేవాళ్ళు క్లబ్ రూంలో నన్ను అడిగి తీసుకోండి. కాకపోతే అందులో ఆటు టైములు జనవరివి. మీ తేదీకి మీరే మళ్ళీ లెక్కేసుకోవాలి.